పాత ఆట మూసివేతకు మా అక్క సిఫారసు

ఫిబ్రవరి 6

అక్కా,

కాగితం మీద రాస్తున్నానని నవ్వకు. మా ఆఫీసులో గుమ్మం దగ్గరే ఫోన్లు లాక్కుని డ్రాయర్లో పడేస్తారు. మెయిల్ రాస్తే ముందు మా వాళ్లు నలుగురు చదివి, కామాలు సరిచేసి, ఆ తర్వాత నీకు పంపుతారు. గది నుంచి ఫోన్ చేద్దామంటే నువ్వు ఎత్తగానే "తొందరగా చెప్పు, ప్లాస్టర్ గట్టిపడిపోతోంది" అంటావు. కట్టుడు పళ్లు చేసేవాళ్లతో తీరిగ్గా మాట్లాడాలంటే ఉత్తరమొక్కటే దారని తేల్చుకున్నాను.

నేను చేరిన కంపెనీ ఏదో ఇన్నాళ్లూ చెప్పకూడదన్నారు. ఇప్పుడు చెప్పొచ్చట. "ఏడు రేవులు" ఆట తయారుచేసినవాళ్లే. మనిద్దరం ఆరేళ్లపాటు ఒకే కంప్యూటర్ ముందు, ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని, ఒకే మనిషిగా ఆడామే, ఆ ఆట. దానికి వారసుడు వస్తున్నాడు. పేరు "ఏడు రేవులు రెండు."

ఆరు నెలలు నా పని చూస్తారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే డ్రాయర్లోంచి ఫోన్ తీసి చేతిలో పెడతారు. పాత ఆటగాళ్ల అభిప్రాయాలు రాబట్టి మేనేజరు ముందు పెట్టడం నా పని. పాత ఆటగాళ్లంటే నాకు ముందు గుర్తొచ్చింది నువ్వే. నలభై మంది జట్టుకి నాయకురాలివి. నువ్వు ఆట మానేసి రెండేళ్లైనా వాళ్లు ఇంకా నీ మాటే వింటారని నాకు తెలుసు.

విడుదలకి ముందే ఆడటానికి అనుమతి చీటీ ఇందులో పెట్టాను. ఆడి, మొహమాటం లేకుండా రాయి. నీకు మొహమాటం ఎప్పుడేడ్చిందిలే, అయినా అలా అనడం మర్యాద.

అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా?

కుర్చీలో నీ సగం వాటాదారు,
తమ్ముడు


ఫిబ్రవరి 19

కంపెనీవారికీ, వారి పక్కన నిలబడ్డ మా తమ్ముడికీ,

అమ్మ చుక్కలు వేసుకుంటోంది. నీ దస్తూరీ చదివాక నాక్కూడా రెండు చుక్కలు పడ్డాయి.

ముందు పేరు సంగతి. ఏడు రేవులు రెండు. మీ ఆఫీసులో ఎక్కం వచ్చినవాడు ఒక్కడూ లేడా? పద్నాలుగు రేవులు అంటే పోయేదిగా.

రెండు ఆదివారాలు ఆడాను. లోపలికి అడుగుపెట్టానో లేదో నన్ను లోకరక్షకురాలన్నారు. అప్పటికింకా చెప్పులైనా వేసుకోలేదు. పాత ఆటలో మొదటి నెలంతా మనం ఎలకల చేతిలో చచ్చాం. నాది కత్తి, నీది మూలికలు ఏరడం. చచ్చినప్పుడల్లా మన మూట అక్కడే పడిపోయేది, ఒంటిమీద గుడ్డతో మళ్లీ అంతదూరం నడిచి వెళ్లాల్సి వచ్చేది. ఒకసారి వెళ్లేసరికి ఎవరో ముక్కూమొహం తెలియనాయన మన మూటకి కాపలా కాస్తూ నిలబడి ఉన్నాడు. అలా పరిచయమైనవాడేగా మన తాళాల మేస్త్రి. మీ కొత్త ఆటలో చచ్చినా మూట పోదు, మనిషీ పోడు. చచ్చినందుకు ఓదార్పు బహుమతి కూడా ఇస్తున్నారు. నాకు ఇప్పటికి పదకొండు గొడుగులు వచ్చాయి.

పాత ఆటలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకి ఓడ మీద తొమ్మిది నిమిషాలు. చేయడానికి ఏమీ ఉండదు కాబట్టి పక్కవాడితో మాట్లాడేవాళ్లం. ఇప్పుడు వేలితో నొక్కితే అవతలి ఒడ్డు. చాలా సౌకర్యం. మిగిలిన తొమ్మిది నిమిషాలూ గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

టైపు చేసుకునే పెట్టె ఎంత వెతికినా కనపడలేదు. అందరూ హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని అరుచుకోవాలట. మంచిదే, మా లాబ్‌లో గ్రైండర్ల మోత సరిపోవడం లేదనుకుంటున్నాను.

ఇక కాళ్ల ముందు పాకే ఆ నీలం బాణం. ఎటు తిరిగినా ఇటు నడువు, ఇటు నడువు అంటుంది. కానీ మరీ చిన్నగా ఉందిరా. ఇంకా పెద్దది చేసి, బంగారు రంగు వేసి, గంట కూడా కట్టండి. లేకపోతే పాపం ఎవరైనా దారి తప్పి, పొరపాటున చుట్టూ ఉన్న లోకాన్ని చూసేస్తారు.

ఒక్క మాట. రెండో ఊరి చివర, కత్తులకి సానపట్టే మనిషి ఒకడున్నాడు. ఏ పనీ అప్పగించడు, ఏ బహుమతీ ఇవ్వడు. దగ్గరికెళ్తే తల ఎత్తకుండా "నీడలో నిలబడు, చేతిలో పనుంది" అంటాడు. మొత్తం ఆటలో మనిషన్నవాడు ఆయనొక్కడే. గంటసేపు ఆయన పక్కన నిలబడ్డాను. మీ ఆటలో ఇంతకన్నా గొప్ప ఘట్టం ఉంటుందని నేననుకోను.

ఇట్లు,
పదకొండు గొడుగుల లోకరక్షకురాలు


మార్చి 2

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో పెద్ద సంచలనం. ఇంత సూటిగా, ఇంత పద్ధతిగా ఎవరూ రాయలేదని మేనేజరు మెచ్చుకున్నాడు. బాణం గురించి నువ్వు రాసిన వాక్యాన్ని అచ్చు వేయించి గోడకి అంటించాడు. రోజూ కాఫీ తాగుతూ అది చదువుకుంటున్నాం. నీలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటే ఈ ఆట ఎక్కడికో వెళ్లిపోతుందన్నాడు.

నువ్వు అడిగిన మార్పులు దాదాపు అన్నీ ఒప్పుకున్నారు. వచ్చే నెల నీకే కనిపిస్తాయి.

నువ్వు ఎత్తిపొడిచిన వాటిలో ఒకటి మాత్రం నేను సొంతంగా చేసింది. ఇక్కడికొచ్చాక నా చేత్తో చేసినది అదొక్కటే. చదివినప్పుడు కొంచెం చివుక్కుమంది. అయినా నువ్వన్నావంటే నిజమే అయ్యుంటుందని ఆ రోజే తీసేశాను.

ఇంకా రాయి. ఎంత ఎక్కువ రాస్తే నాకు అంత మంచిది.

నీ అభిమాని,
తమ్ముడు


మార్చి 15

గోడలకి అంటించే వారి ముద్దుల ఉద్యోగికి,

నా వాక్యం గోడకి అంటించారా. ఏ గోడకి, దొడ్డిగోడకా? కాఫీ తాగుతూ చదువుకుంటున్నారా? వెటకారం మన ఇంట్లో నాకొక్కదానికే వచ్చనుకున్నాను. నా దగ్గర ఇరవై ఏళ్లు నేర్చుకుని నా మీదే ప్రయోగిస్తున్నావు. పరవాలేదు, చేయి తిరిగింది.

ఆ బాణం నీ సొంత సృష్టి అని తెలియక అన్నాను. తీసేశావుగా, ఇక దాని గురించి మాట్లాడను.

ఇక్కడి విశేషాలు. ఈ వారం ఒక పెద్దాయనకి చేసిన పై వరస ఇంకొకాయనకి వెళ్లిపోయింది. ఇద్దరూ వారం రోజులు వాడారు, ఇద్దరూ చాలా బాగున్నాయన్నారు. ఎవరి నోటికి ఏది సరిపోతుందో కొలిచి చేసేవాళ్లం మేమే వెర్రివాళ్లం. మీ కంపెనీలో చేరాల్సిన దాన్ని.

చేరితే నేనిచ్చే సలహాలు ఇవిగో, ఇవి కూడా అంటించుకోండి. ఒకటి, దారి ఎలాగూ మీరే చూపిస్తారు, కత్తి తగలకపోయినా రాక్షసుడు చస్తాడు. మధ్యలో ఇక మేమెందుకు? ఆట తనంతట తనే ఆడుకుని, సాయంత్రం "మీరు ఈరోజు అద్భుతంగా గెలిచారు" అని చీటీ పంపితే సరిపోతుంది. మేము బట్టలు ఆరేసుకుంటాం.

రెండు, ఇంత గొప్ప ఆట వచ్చాక ఆ పాతదాన్ని ఇంకా బతికించి ఉంచడం దేనికి? దాన్ని మూసేస్తే మా నలభై మందికీ పీడ విరగడవుతుంది. మూటలు సర్దుకుని, గంతులేసుకుంటూ మీ దగ్గరికి వచ్చేస్తాం. జట్టు నాయకురాలిగా సిఫారసు చేస్తున్నాను, కావాలంటే వేలిముద్ర కూడా వేస్తాను.

ఇట్లు,
మీ దొడ్డిగోడ రచయిత్రి


ఏప్రిల్ 4

అక్కా,

ఈ ఉత్తరం రాస్తుంటే చేతులు ఆగడం లేదు. నువ్వు ఊహించలేనన్ని మంచి వార్తలు.

బాణాన్ని తీయలేదక్కా, అది ఇప్పుడు మూడింతలైంది. బంగారు రంగు. గంట కూడా ఉంది, నాలుగు రకాల మోతల్లో నచ్చింది ఎంచుకోవచ్చు. ఆట తనంతట తనే ఆడుకునే మీట పెట్టారు. సాయంత్రం ఆరుకి చీటీ వస్తుంది. "బట్టలు ఆరేసుకునే ఆటగాళ్లు" అని నీ గౌరవార్థం ఆ వర్గానికి పేరు కూడా పెట్టారు.

అన్నిటికన్నా పెద్దది చివర్లో చెబుతున్నాను. పాత ఆటని మూయాలా వద్దా అని రెండేళ్లుగా వీళ్లు తేల్చుకోలేకపోతున్నారు. పాతవాళ్లు గొడవ చేస్తారని భయం. నీ సిఫారసు చూశాక ధైర్యం వచ్చింది. జూన్ ముప్పైన మూసేస్తున్నారు. ప్రకటనలో "ఒక అనుభవజ్ఞురాలైన జట్టు నాయకురాలి సూచన మేరకు" అని రాశారు. మూసే పనంతా నాకే అప్పగించారు. చివరి మీట నొక్కేది నేనే. ఇది అయిపోతే ఉద్యోగం ఖాయమైనట్టేనని మేనేజరు భుజం తట్టాడు.

ఇదంతా నీ వల్లే అక్కా. చిన్నప్పుడు లెక్కల పరీక్షకి నువ్వు నన్ను కూర్చోబెట్టి చదివించినప్పుడు కూడా ఇంత సాయం కాలేదు.

జూన్ తర్వాత మీ నలభై మంది కోసం ఎదురుచూస్తూ,
తమ్ముడు


ఏప్రిల్ 9

ఒరేయ్,

నీకు మతి ఉందా?

బాణానికి గంట కట్టమంటే కట్టేస్తారా? మీ ఆఫీసులో ఒక్కడికైనా అన్నం తినేటప్పుడు అది అన్నమని తెలుస్తుందా? ఆట తనే ఆడుకోవాలని ఏ మనిషైనా నిజంగా అడుగుతాడా? పాత ఆటని మూసేయమని నేను, నేను, నిజంగా అంటానని నువ్వు నమ్మావా? ఆరేళ్లు నా పక్కన సగం కుర్చీలో కూర్చున్నవాడివి.

నిన్న కొత్త ఆటలోకి వెళ్లాను. గంట మోగించుకుంటూ ఆ దిక్కుమాలిన బాణం నన్ను రెండో ఊరి చివరికి ఈడ్చుకెళ్లింది. సానపట్టే ఆయన అక్కడ లేడు. ఆ నీడలో గొడుగుల కొట్టు పెట్టారు. ఉన్న ఒక్క మనిషినీ ఏ మహానుభావుడు తీసేశాడో కనుక్కుని చెప్పు.

పాత ఆట గోడ మీద ప్రకటన చూసి జట్టంతా ఆ అనుభవజ్ఞురాలు ఎవరా అని తిట్టిపోస్తోంది. నేనూ వాళ్లతో కలిసి రెండు తిట్లు తిట్టాను. ఏం చేయను?

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

ఆ మహానుభావుణ్ణి నేనే.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. మొదటిది కూడా మళ్లీ తీసి చదివాను. బాణం పెద్దది చేయమన్నావు, అది నిజమనుకున్నాను. సానపట్టేవాడే మనిషన్నావు, అది ఎగతాళనుకున్నాను. ఎందుకంటావా? బాణం గురించి తిట్టకుండా, వివరంగా, రంగుతో సహా చెప్పావు. ఏమీ చేయనివాడి పక్కన గంటసేపు నిలబడ్డాననీ, ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదనీ అంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఎదురుగా ఉంటే నీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది, నాకు తెలిసిపోతుంది. చిన్నప్పటి నుంచీ నీ మాట వినడం నాకు రాదు, నీ కనుబొమ్మ చూడటమే వచ్చు. కాగితం మీద కనుబొమ్మ లేదు.

ఆ సానపట్టేవాణ్ణి నేను రాశాను. భోజనం డబ్బా తీసుకుని మీ లాబ్‌కి వచ్చినప్పుడు నువ్వు గ్రైండరు ముందు కూర్చుని, తల ఎత్తకుండా "నీడలో నిలబడు, చేతిలో పనుంది" అనేదానివి. ఆ మాటలు నీవే. నువ్వు గుర్తుపడతావనుకున్నాను. గుర్తుపట్టి ఆడిపోసుకున్నావనుకుని తీసేశాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు.

నువ్వు ఎప్పుడూ అంతే అక్కా. ఏదీ తిన్నగా చెప్పవు. చెప్పింది అర్థం కాకపోతే మతి ఉందా అంటావు. నేను ఇంజనీరింగ్ పాసైనప్పుడు "దేశం ఇక బాగుపడినట్టే" అన్నావు. అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇప్పుడు నేనేం చేయాలో నువ్వే చెప్పు. నా నివేదిక తప్పని నేనే ఒప్పుకుంటే ఉద్యోగం ఉండదు. ఒప్పుకోకపోతే జూన్ ముప్పైన నా వేలితోనే మీట నొక్కాలి.

తమ్ముడు


మే 1

తమ్ముడూ,

ఈ ఉత్తరంలో ఒక్క ఎత్తిపొడుపు కూడా లేదు. నాలుగుసార్లు రాశాను. మొదటి మూడింట్లో ఎక్కడో ఒకచోట దూరుతూనే ఉంది, చింపేశాను. ఇది నాకెంత కష్టమో నీకు తెలుసు.

సానపట్టేవాడు నేనేనని గుర్తుపట్టలేదు. నేను అంత మంచిదానిలా కనిపిస్తానని నాకు తెలియదు. తీసేసినందుకు బాధపడ్డాను, నా మూలంగా తీసేసినందుకు ఇంకా ఎక్కువ బాధపడ్డాను.

పాత ఆట గొప్పదని నేననను. ఎలకలు అన్యాయం. ఓడ ఎక్కే మెట్టు దగ్గర కాలు ఇరుక్కుపోయేది, పదేళ్లైనా బాగుచేయలేదు. కానీ నీకు తాళాల మేస్త్రి గురించి ఒకటి చెప్పాలి. నువ్వు ఆయన్ని ఆటలో మాత్రమే చూశావు. నేను ఆయన కొట్టుకి వెళ్లాను. ఆయనకి మాట తడబడుతుంది. ఒక్క మాట బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. తాళం కోసం వచ్చినవాళ్లు ఆగలేక ఆయన మాట వాళ్లే పూర్తిచేసేస్తారు, తరచూ తప్పుగా. ఆయన తల ఊపేసి తాళం ఇచ్చేస్తాడు. పాత ఆటలో మాత్రం టైపు చేస్తాడు. ఆయన వాక్యం వచ్చేదాకా నలభై మందిమీ ఆగేవాళ్లం. ఎవరు ముందు నడవాలో, ఎవరు వెనక ఉండాలో ఆయనే చెప్పేవాడు. నేను పేరుకి నాయకురాలిని, నడిపింది ఆయన.

ప్రకటన వచ్చాక ఆయన కొట్టుకి వెళ్లాను. ఏదో చెప్పబోయాడు, రాలేదు. నేను పూర్తిచేయకుండా ఆగాను. చివరికి చీటీ వెనక రాసి ఇచ్చాడు. "కొత్త దాంట్లో నోటితోనే మాట్లాడాలటగా." అంతే రాశాడు. ఆ సిఫారసు నాదని ఆయనకి చెప్పలేదు. చెప్పడానికి భయమేసింది.

పాత ఆట మూయవద్దు. అది నా కోరిక. అది అడగడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే మూయమన్నదీ నేనే. నీ ఉద్యోగానికి ముప్పు అనుకుంటే ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు, నీ దగ్గరే ఉంచుకో. నేను నిన్నేమీ అనను. ఇది కూడా నిజంగానే అంటున్నాను.

నువ్వు పాసైన రోజు నేను లాబ్‌లో అందరికీ చెప్పాను. ఆ రోజు పని చేయలేదు.

అక్క


మే 24

అక్కా,

నీ ఉత్తరం మూడు వారాలు నా దగ్గరే ఉంచుకున్నాను. నిన్ను నువ్వు తప్పుపట్టుకోకు, నన్ను తప్పుపట్టు. ఉద్యోగం అంటే భయం నాకు.

మొన్న సోమవారం మీటింగులో చదివాను. మొదటి వాక్యం దగ్గరే నవ్వులు మొదలయ్యాయి. "ఈసారి ఇంకా అదరగొట్టింది" అన్నాడు మేనేజరు. ఎలకలు అన్యాయం అన్నచోట ఒకాయన టేబుల్ కొట్టాడు. తాళాల మేస్త్రి దగ్గరికి వచ్చేసరికి వెనక కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వలేక. మీరు పొరబడుతున్నారు, ఇది వెటకారం కాదు అన్నాను. దానికి ఇంకా నవ్వారు. నువ్వు జీవితంలో మొదటిసారి తిన్నగా రాసిన ఉత్తరం అక్కా అది. నేనొక్కణ్ణే నవ్వలేదు.

చదవడం ఆపేసి చెప్పాను. నేనిచ్చిన రెండు నివేదికలూ తప్పు. అందులో ఉన్నవి సలహాలు కావు, ఎగతాళి. గోడ మీద అంటించుకున్నది మన గురించి వేసిన జోకు. పాత ఆటని మూయమని ఏ పాత ఆటగాడూ అడగలేదు. అప్పుడు నవ్వు ఆగింది. మేనేజరు గోడ మీది కాగితం పీకేశాడు. "సొంత అక్క మాటే నీకు అర్థం కాకపోతే, బయటివాళ్ల మాట నీకేం అర్థమవుతుంది?" అన్నాడు. మధ్యాహ్నానికి నా ఫోను నా చేతిలో పెట్టారు.

ఇక అసలు సంగతి. బాణం అలాగే ఉంటుందట, గంటతో సహా. విడుదల దగ్గరికొచ్చింది కాబట్టి ఏదీ మార్చరు. సానపట్టేవాణ్ణి తిరిగి పెట్టి వద్దామనుకున్నాను, అప్పటికే నన్ను లోపలికి రానివ్వలేదు. అదొక్కటే నా మనసులో ఉండిపోయింది. పాత ఆటని మూసే పని మాత్రం నా ఒక్కడి పేరు మీదే ఉంది. నా స్థానంలోకి ఎవరినీ తీసుకోవడం లేదు. మిగతావాళ్లంతా కొత్త ఆట పనిలో మునిగిపోయారు, పాతదాని సంగతి ఎవరికీ పూర్తిగా తెలియదు, ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. జూన్ ముప్పై తీసేసి, తేదీ ఉన్నచోట "బాధ్యుడు నియమితుడయ్యాక" అని రాశారు. ఎన్నాళ్లో చెప్పలేను. ఆర్నెల్లు కావచ్చు, ఆరేళ్లు కావచ్చు. ప్రస్తుతానికి అది ఉంది.

గది జూన్ మొదటి వారంలో ఖాళీ చేయాలి. అమ్మకి ఉద్యోగం సంగతి ఇంకా చెప్పకు. నేను చేసింది మంచి పనో, తెలివితక్కువ పనో నాకే అర్థం కావడం లేదు.

తమ్ముడు


మే 29

తమ్ముడూ,

నీ ఉత్తరం లాబ్‌లోనే విప్పాను. ఉద్యోగం పోయిందన్న దగ్గర ఏడ్చాను, ఆట ఉందన్న దగ్గర సంతోషపడ్డాను. మా వాళ్లు చూసి పంటినొప్పా అని అడిగారు.

మేస్త్రికి అంతా చెప్పాను, ఆ అనుభవజ్ఞురాలిని నేనేనని కూడా. చేతిలో ఉన్న తాళాలు సర్దాడు. తర్వాత నీ గురించి అడిగాడు. పూర్తిగా అడిగేదాకా ఆగాను. మూలికలు ఏరే అబ్బాయేనా, అన్నాడు. అవునన్నాను.

అమ్మకి చెప్పేశాను. నువ్వు వద్దన్నావు గానీ ఇంక దాచడం నా వల్ల కాదు. ముందు కంగారుపడింది, తర్వాత నీ గది కిటికీ తుడిచింది. శనివారం బండికి బయల్దేరు. పని వెతుక్కోవడానికి ఇక్కడ చోటుంది, తొందరేమీ లేదు.

నువ్వు చేసింది మంచి పని. ఈ మాట ఎన్నిసార్లు చదివినా అదే అర్థం.

అక్క